దురద లేని కంద

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఎవరి పని వాళ్ళకుండేది. కోకిలకి పాడటం, తొండకి తల ఊపడం, ఎలుగుబంటికి తేనె వెతకడం. చుట్టయ్యకి మాత్రం "వద్దు" అనడం.

చుట్టయ్య ఒక అలుగు. అలుగంటే తెలుసుగా? ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులు, పళ్ళు లేని బోసి నోరు, ఆ నోట్లో మూరెడు నాలుక. చీమల పుట్టలోకి ఆ నాలుక చాపితే భోజనం దానంతటదే అంటుకుని వస్తుంది. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతాడు. చుట్టయ్యకి రోజుకి చాలాసార్లు భయం వేసేది.

వద్దనే పని అతనికి ఎవరూ అప్పగించలేదు. వాళ్ళ నాన్న అనేవాడు, ఆ నాన్నగారి నాన్న కూడా అనేవాడు, వంశాచారం అన్నమాట. ఏ కొత్త సంగతి చెవిన పడినా ముందు "వద్దు" అంటాడు. ఎందుకని అడిగేలోపు చుట్టుకుపోతాడు. బంతితో ఎవరు మాత్రం ఎంతసేపు వాదిస్తారు?

ఒకసారి గాలివానకి ఓ పెద్ద మద్దిమాను వాగుకి అడ్డంగా పడింది. వంతెన దొరికిందని కుందేళ్ళు గంతులేశాయి. చుట్టయ్య వద్దన్నాడు. ఆ ఏడే వరదొస్తే కుందేళ్ళ కులమంతా ఆ మాను మీద నడిచే బతికి బయటపడింది. ఇంకోసారి జడలవ్వ అనే ముసలి ఎలుగుబంటి, కంద తిన్నాక నోటి దురద తగ్గాలంటే చింతకాయ నమలాలని కనిపెట్టింది. "పులుపు. వద్దు" అన్నాడు చుట్టయ్య. అడవంతా చింతకాయ నమిలి హాయిగా నిద్రపోయింది. మరోసారి తొలకరి మబ్బు పడితే దానికి కూడా వద్దన్నాడు. మబ్బు అతని మాట వినలేదు.

నిజం చెప్పాలంటే ఒక్కసారి అతని మాటే సరైంది. నీటికోడి ఒకతి ఊదారంగు పువ్వు ముచ్చటగా ఉందని ఎక్కడినుంచో ఒక గుర్రపుడెక్క మొక్క తెచ్చి మడుగులో వేసుకుంది. రెండేళ్ళకి మడుగు కనిపించకుండా పోయింది, పువ్వులే మిగిలాయి. చుట్టయ్య అప్పుడు కూడా వద్దన్నాడు. కానీ ఆ రోజు పొద్దున ఎండ కాస్తుంటే ఎండకి కూడా వద్దన్నాడు కదా. ఇంక ఎవరు పట్టించుకుంటారు?

ఇప్పుడు కంద సంగతి చెప్పాలి. మీ అమ్మ కందబచ్చలి వండేటప్పుడు చేతికి నూనె రాసుకుని, చింతపండు వేసి ఉడికిస్తుందే, అదే కంద. అడవిలో వండటాలూ ఉడికించడాలూ ఎక్కడివి? వాగు పక్కన ఒక మిట్ట మీద కందలు ఊరేవి. ఎండాకాలం గడ్డి మాడిపోయాక అందరికీ ఆ మిట్టే దిక్కు. ఒక కొరుకు కంద, ఒక నములు చింతకాయ. నోరు చురచురమన్నా పొట్ట నిండేది. పెద్దవాళ్ళు అలాగే నెట్టుకొచ్చేవాళ్ళు.

పిల్లల సంగతే కష్టం. సూదులమ్మ అనే ముళ్ళపందికి చిట్టిముల్లు అని ఒక్కగానొక్క కూతురు. దాని నోరు మరీ లేత. ఎన్ని చింతకాయలు నమిలినా కంద కొరికితే నాలుక వాచిపోయేది. నీళ్ళు కూడా మింగలేక ఏడ్చేది. రెండు ఎండాకాలాలకే ముళ్ళు తప్ప మనిషి మిగల్లేదు. మనిషంటే ముళ్ళపందే అనుకోండి, మాట వరసకి అన్నాను.

సూదులమ్మ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ఒక ఎండాకాలమంతా కందల ముందు కూర్చుంది. కంద మీద మొలక వచ్చే కన్ను ఉంటుంది కదా, తన సన్నని ముల్లు ఒకటి తీసి ఆ కంట్లో గుచ్చి కెలికింది. ఒకటి కుళ్ళింది, పారేసింది. ఇంకోటి ఎండింది, పారేసింది. కెలికి కెలికి చివరికి ఆ కంట్లో ఇసుక రేణువంత నలుసు ఒకటి కనిపెట్టింది. దురదంతా పుట్టేది అక్కడే. దాన్ని ముల్లుతో లాగి అవతల పారేసి కందని పాతింది. ఊరాక తవ్వి చూస్తే అది తియ్యగా, వెన్నలా ఉంది, దురద మచ్చుకైనా లేదు. ఎలా సాధ్యమంటారా? నాకు తెలిస్తే ఇక్కడ కూర్చుని మీకు కథలెందుకు చెప్తాను?

చిట్టిముల్లు మొదటిసారి కడుపునిండా తిని, తింటూ తింటూనే నిద్రపోయింది. సూదులమ్మ దాని పక్కన కూర్చుని చాలాసేపు ఊరికే ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మూతిన ఒక తియ్యకంద పట్టుకుని అడవిని పిలిచింది.

తునికిచెట్టు కింద అందరూ చేరారు. తలా ఒక ముక్క తిన్నారు. బురదయ్య అనే అడవిపంది తన ముక్కతో పాటు పక్కవాడి ముక్క కూడా తిన్నాడు.

"ఈ తొలకరికి మిట్టంతా ఇదే వేసేద్దాం," అన్నాడు మూతి నాక్కుంటూ. "పాత కంద ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు. పిల్లలు పొరపాటున కొరుకుతారు."

అందరూ తలలూపారు. అలవాటు ప్రకారం అందరూ చుట్టయ్య వైపు తిరిగారు. నవ్వుకోవడానికి ఒక వంక కావాలి కదా.

"వద్దు," అన్నాడు చుట్టయ్య.

"ఎందుకు బాబాయ్?" అంది సూదులమ్మ.

చుట్టయ్య నోరు తెరిచాడు. నాలుక బయటికి వచ్చింది కానీ మాట రాలేదు. ఎందుకో అతనికి తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడిగిందీ లేదు, అతను ఆలోచించిందీ లేదు.

"ఎందుకంటే... వద్దు."

"నేనేమీ కలపలేదు బాబాయ్. విషం పెట్టలేదు, మందు పెట్టలేదు. ఉన్న దురద తీసేశాను, అంతే. లేని దురద ఎవరికేం చేస్తుంది చెప్పు?"

"వద్దమ్మా."

సూదులమ్మ ముళ్ళు లేచి నిలబడ్డాయి. "నీకేం బాబాయ్, నీకు చీమలున్నాయి. పుట్ట ముందు నాలుక చాపితే నీ అన్నం నీకు వస్తుంది. కడుపు నిండినవాడికి వద్దనడం ఎంత తేలికో. నా బిడ్డ నోరు ఎప్పుడైనా చూశావా? ఏదీ, తాతకి నోరు చూపించవే."

చిట్టిముల్లు నోరు తెరిచింది. నాలుక నిండా పాత పుళ్ళ మచ్చలు. చుట్టయ్య ఒక్కసారి చూసి గబుక్కున బంతిలా చుట్టుకుపోయాడు. అందరూ నవ్వారు. ఒక కుందేలు పిల్ల వచ్చి బంతిని కాలితో ఒక తోపు తోసింది.

బంతి లోపల చుట్టయ్యకి సిగ్గేసింది. మామూలుగా అయితే అక్కడ చీకటిగా, వెచ్చగా, హాయిగా ఉంటుంది. ఈసారి ఆ పుళ్ళ నాలుకే కనిపిస్తోంది. 'ఆ పిల్ల తినకపోతే చచ్చిపోతుంది. నేను వద్దంటున్నది దాని తిండిని' అనుకున్నాడు. మరి ఈ గుబులు ఎందుకు? మడుగు గుర్తొచ్చింది. ఆ పువ్వు కూడా ఎంతో బాగుంది కదా. బాగున్నదాన్ని తేవడం అందరికీ తెలుసు. దాన్ని వెనక్కి పంపడమే ఎవరికీ తెలియలేదు.

మెల్లగా విప్పుకున్నాడు. బంతి తనంతట తాను విప్పుకోవడం అడవి ఎన్నడూ చూడలేదు.

"పిల్ల తినాల్సిందే," అన్నాడు చుట్టయ్య. "కానీ మిట్టంతా ఒకేసారి ఎందుకు? వాగు మధ్య లంక ఉంది. అక్కడ కొన్ని వేసి ఒక ఏడాది చూద్దాం. లేతనోటి పిల్లలకి అక్కడివి పెడదాం. ఇన్నాళ్ళూ కందలో ఆ దురద ఊరికే ఉందంటారా? దాని పనేంటో మనకి తెలియదు. రేపు అది కావాలనిపిస్తే ఎక్కడినుంచి తెస్తాం?"

"దురద కావాలని ఎవడికి అనిపిస్తుంది మావా?" అన్నాడు బురదయ్య. "దానికి పనేంటంటావా? ఏ పనీ లేదు, సభలో నీకు లేనట్టే."

"వంతెన పడ్డప్పుడు కూడా నువ్వు ఇలాగే అన్నావు తాతా," అంది తోపు తోసిన కుందేలు పిల్ల.

చుట్టయ్య వంతెనకి వద్దన్నాడు, నిజమే. మబ్బుకి వద్దన్నాడు, చింతకాయకి వద్దన్నాడు, ఎండకి వద్దన్నాడు. ఇవాళ మొదటిసారి ఆలోచించి ఒక మాట అంటే అది కూడా ఆ పాత వద్దుల గుట్టలో పడి కలిసిపోయింది. తప్పు వాళ్ళది కాదని అతనికి తెలుసు. అందుకే ఇంకా బాధేసింది.

జడలవ్వ పెద్దది కాబట్టి చివరి మాట ఆవిడదే. ఆవిడకి కూడా చిగుళ్ళు వాచి ఉన్నాయి. "ఒక ఏడాది ఆగే ఓపిక నా పళ్ళకి లేదురా చుట్టయ్యా," అంది. "వేసేయండి."

వేసేశారు. మిట్టంతా తవ్వి పాత కందల్ని గుట్టగా పోశారు, వాగులో పారేద్దామని. సూదులమ్మ రాత్రింబవళ్ళు కూర్చుని కన్ను కన్నుకీ నలుసు తీసి ఇచ్చింది. వాళ్ళ హడావుడిలో వాళ్ళున్నారు. చుట్టయ్య గుట్ట దగ్గరికి వెళ్ళి, ఒక పాత కందని పొట్టకి ఆనించుకుని దాని చుట్టూ బంతిలా చుట్టుకుని వాలు మీద నుంచి దొర్లాడు.

అలా వాగు ఒడ్డు దాకా వచ్చాడు. లంకకి వెళ్ళాలంటే మద్దిమాను మీద నడవాలి, తను వద్దన్న వంతెన మీదే. కింద నీళ్ళు గలగలమంటున్నాయి. చుట్టుకుపోదామా అంటే చుట్టుకుంటే దొర్లి వాగులో పడతాడు. కళ్ళు మూసుకుని, కందని ముందుకి తోసుకుంటూ, మబ్బునీ చింతకాయనీ పేరు పేరునా క్షమించమని అడుగుతూ దాటాడు. ఏం కాలేదు. వంతెన చాలా బాగుంది. ఎవరూ చూడకుండా దాన్ని ఒకసారి నిమిరాడు కూడా.

గుట్టలోంచి అలా ఓపినన్ని కందలు లంకకి చేర్చి పాతాడు. పొట్టంతా దురద. పొలుసుల కిందకి గోరు వెళ్ళదు. రాయికేసి రుద్దుకున్నాడు, చెట్టుకేసి రుద్దుకున్నాడు, ఒకసారి చూసుకోకుండా నిద్రపోతున్న బురదయ్యకేసి కూడా రుద్దుకున్నాడు.

తొలకరి పడింది. కంద పూసింది. కంద పువ్వు ఎప్పుడైనా చూశారా? చూడటానికి భలేగా ఉంటుంది. వాసన మాత్రం చచ్చిన ఎలుకని మూడు రోజులు దాచిపెట్టి మూత తీసినట్టుంటుంది. ఈగలకి ఆ వాసనంటే ప్రాణం. చుట్టయ్యకి కళ్ళు అంతంత మాత్రమే కానీ ముక్కు మహా చురుకు. ఆ ముక్కు పట్టుకునే మిట్ట మీదికి వెళ్ళి చూశాడు. ఈగలు ఒక పువ్వులో దూరి, ఒంటినిండా పుప్పొడి పూసుకుని, ఇంకో పువ్వులోకి వెళ్తున్నాయి. పొదల్లో పొరపాటున మిగిలిన ఒకటీ అరా పాత కందల పువ్వుల్లోకి కూడా వెళ్తున్నాయి. ఈగలకి తియ్యకంద, పాతకంద అని తేడా ఏముంది?

'అయితే రేపు లంకకి కూడా వస్తాయి' అనుకున్నాడు చుట్టయ్య. అప్పటినుంచి రోజూ వంతెన దాటి, లంకలో మొగ్గ వచ్చిందంటే విచ్చకముందే గిల్లేసేవాడు. ఎంత తొందరపడ్డా ఒకటో రెండో అప్పటికే విచ్చుకోవాలని చూస్తుండేవి. ఆ కంపంతా అతని ఒంటికి పట్టేసింది. సభలో అతని చుట్టూ బోలెడంత చోటు ఖాళీగా ఉండేది. చీమలు కూడా అతను వస్తున్నాడని ముందే తెలుసుకుని పారిపోయేవి.

"ఏం బాబాయ్, స్నానం కూడా వద్దా?" అని ఆటపట్టించింది సూదులమ్మ. ఆవిడకి కోపం ఎప్పుడో పోయింది. కూతురు బొద్దుగా తయారైంది మరి.

చుట్టయ్య చెప్పుకోలేదు. చెప్తే బురదయ్య వచ్చి పీకేస్తాడు. పిల్లల కోసమని పొదల్లో మిగిలిన పాత కందల్ని కూడా ఆ బురదయ్యే వాసన పట్టి మరీ పీకి వాగులో పారేశాడు కదా. కానీ అప్పటికే వాటి గింజలు రాలాయి. ఈగలు తెచ్చిన తియ్యకంద పుప్పొడితో కట్టిన గింజలు కదా, మరుసటి వానకి మొలిచినవన్నీ తియ్యకందలే. అడవిలో దురద అన్నమాటే లేకుండా పోయింది.

ఆ ఎండాకాలం పండగే అనుకోండి. అందరూ తిన్నారు, తిని పడుకున్నారు, లేచి మళ్ళీ తిన్నారు. జడలవ్వ పాటలు పాడింది. ఆవిడ పాట వింటే చుట్టయ్య వద్దన్న వాటిల్లో అదొక్కటి ఎందుకు లేదా అనిపిస్తుంది.

ఇంకో ఏడాదికి చుట్టాలు దిగారు. అడవి చివర పొలాలున్నాయి. పొలం గట్ల కింద పందికొక్కులుంటాయి. పందికొక్కు ఏదైనా తింటుంది, కందని తప్ప. ఎప్పుడో వాళ్ళ ముత్తాత ఒకడు మిట్ట మీదికి వచ్చి ఒక కొరుకు కొరికి, మూతి వాచి, వారం రోజులు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవలేకపోయాడట. అప్పటినుంచి అటు చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు గాలికి తియ్యటి వాసన వచ్చింది.

ముందు కలుగులయ్య అనే పందికొక్కు ఒక్కడే వచ్చాడు, చాలా మర్యాదగా.

"అబ్బే, తినడానికి కాదమ్మా. ఇరుగుపొరుగు వాళ్ళం, ఒకసారి పలకరించి పోదామని," అన్నాడు సూదులమ్మతో.

పలకరించడం అయింది. ఒక ముక్క నోట్లో వేసుకోవడమూ అయింది. సాయంత్రానికి వాళ్ళావిడ వచ్చింది. "పిల్లలు ఆయన కోసం బెంగపెట్టుకున్నారు వదినా," అంది. ఆవిడ వెనకాల పిల్లలున్నారు. ఎంతమందంటే, ఆవిడకే లెక్క తెలియదు. మర్నాడు బావమరిది, వాడి అత్తగారు, ఆ అత్తగారి ఊరివాళ్ళు. పందికొక్కులు పైనుంచి తవ్వవు. నేల కింద కన్నాలు వేసుకుంటూ వచ్చి, అడుగునుంచి తొలిచేస్తాయి. పైన ఆకు పచ్చగా నవ్వుతూనే ఉంటుంది, లాగితే కింద బోలు.

బురదయ్య రంకెలేస్తూ తరిమాడు. ఒక కన్నంలోకి తరిమితే ఇంకో కన్నంలోంచి తల పెట్టి, "పిలిచారా అన్నయ్యా?" అని అడిగేవాళ్ళు. రెండు రోజులు తరిమి బురదయ్య చతికిలబడ్డాడు. అప్పుడు అర్థమైంది అడవికి, దురద ఇన్నాళ్ళూ ఏం పని చేసిందో. జీతం భత్యం లేకుండా మిట్టకి కాపలా కాసింది.

ఎండాకాలం మొదలయ్యేసరికి మిట్ట మీద ఒక్క కంద లేదు. పొదల్లోనూ లేదు. పందికొక్కులు పొలాలకి వెళ్ళి, మళ్ళీ కంద ఊరే రోజుకి వస్తామని కబురు కూడా చెప్పాయి. అడవి ఆకలితో మాడింది. ఇప్పపువ్వులు, తునికిపళ్ళు ఏరుకు తిన్నారు, అవీ అందరికీ చాలలేదు. చిట్టిముల్లు మళ్ళీ చిక్కిపోయింది. ఈసారి అది ఒక్కతే కాదు, పిల్లలందరూ చిక్కారు.

సూదులమ్మ మిట్టంతా తిరిగింది. పాత కంద ఒక్క ముక్క దొరికినా దాని కన్ను నాటొచ్చని. దొరకలేదు. తను లాగి పారేసిన నలుసుల కోసం మట్టిలో వెతికింది. ఇసుకలో ఇసుక రేణువు దొరుకుతుందా? తిరిగి తిరిగి చుట్టయ్య పుట్ట దగ్గరికి వచ్చి కూలబడింది. ముళ్ళన్నీ నేలకి వాలిపోయి ఉన్నాయి.

"ఏమీ కలపలేదు బాబాయ్," అంది. "తీసేశానంతే. తీసెయ్యడంలో కూడా ఇంత ఉంటుందని తెలియలేదు. నా బిడ్డ కోసమని చేసి, అందరి బిడ్డల నోట్లో మట్టి కొట్టాను."

ఆకలి మీద తినేస్తే విత్తనానికి కూడా మిగలవని లంక సంగతి ఇన్నాళ్ళూ దాచాడు కానీ, ఆవిడ ఏడుస్తుంటే చూడలేకపోయాడు చుట్టయ్య. "నువ్వు చెడ్డపని చెయ్యలేదమ్మా," అన్నాడు. "ఆ పుళ్ళ నాలుక చూసి ఊరుకుంటే అది చెడ్డపని అయ్యేది. నేను ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ వద్దు వద్దని అరిచి, అవసరమైన రోజుకి నా మాటకి విలువ లేకుండా చేసుకున్నాను. లే. నాతో రా. ముక్కు మూసుకో."

లంకలో పాత కందలు గుబురుగా పెరిగి ఉన్నాయి. సూదులమ్మ ఒకదాన్ని తవ్వి కొరికింది. నాలుక చురుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మండిపోతుంటే నవ్వింది, నవ్వుతూ ఇంకో కొరుకు కొరికింది. దురద తగిలి అంత సంతోషపడినవాళ్ళు అంతకుముందు లేరు, తర్వాత కూడా ఉండరు.

"దురదగా ఉంది బాబాయ్," అంది.

"నాకు తెలుసు," అన్నాడు చుట్టయ్య పొట్ట రుద్దుకుంటూ.

తొలకరికి ముందే అందరూ కలిసి లంకలోని కందల్ని సగం మిట్ట మీదికి మార్చారు. అందరికంటే ఎక్కువ మోసింది బురదయ్య. చుట్టయ్య ముఖంలోకి చూడకుండా మోశాడు. కోతకి వచ్చే వేళకి, చెప్పిన మాట తప్పని పెద్దమనుషుల్లా పందికొక్కులు కుటుంబాలతో సహా దిగాయి.

"ఈ ఏడు ఇంకా బాగా ఊరినట్టున్నాయే," అన్నాడు కలుగులయ్య.

"తినండి తినండి. మీ ఇల్లే అనుకోండి," అంది సూదులమ్మ.

నేల కిందకి దూరారు. అడవంతా మిట్ట మీద చెవులు నేలకి ఆనించి పడుకుంది. కాసేపు కరకరమని చప్పుడు. తర్వాత ఒక్కసారిగా అన్ని కన్నాల్లోంచి పందికొక్కులు ఎగిరి బయటపడ్డాయి. మూతులు గుమ్మడికాయలయ్యాయి. నేలకేసి రుద్దుకునేవి కొన్ని, ఒకదాని మూతి ఇంకోదానికేసి రుద్దుకునేవి కొన్ని. బావమరిది అత్తగారు అల్లుడి చెవి పట్టుకుని వాయిస్తోంది, ఇక్కడికి తెచ్చినందుకు.

"ఛింఠఖాయ... ఛింఠఖాయ ఉందా?" అన్నాడు కలుగులయ్య వాచిన మూతితో.

అందరూ చుట్టయ్య వైపు చూశారు. చుట్టయ్య తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

"చింతకాయా? వద్దు నాయనా. పులుపు."

జడలవ్వ నవ్వి నవ్వి బోర్లా పడింది. పందికొక్కులు పొలాలు చేరేదాకా వెనక్కి చూడలేదు.

ఇక లంక సంగతి. మిగిలిన పాత కందల్ని కూడా మిట్టకి చేర్చి, ఒడ్డున ఒక మూల కొన్నిటిని విడిగా దాచారు, ఎప్పటికైనా పనికొస్తాయని. లంక ఖాళీ అయ్యాక సూదులమ్మ అక్కడ తియ్యకంద నాలుగు పాదులు వేసింది. పళ్ళూడిన ముసలివాళ్ళకీ లేతనోటి పిల్లలకీ అవి చాలు. అక్కడ పువ్వు విచ్చకుండా మొగ్గలు గిల్లే పని తనే పెట్టుకుంది. ఇప్పుడు సభలో ఆవిడ చుట్టూ కూడా బోలెడంత చోటు ఉంటోంది. ఈత వచ్చిన పందికొక్కు ఏదైనా అటు వస్తే చూసుకోవడానికి, చేపలు పట్టే నీటికుక్కలు లంక చుట్టూ తిరుగుతుంటాయి. అవి చుట్టాలని పెద్దగా ఆదరించే రకం కాదు.

మొదటి తియ్యకంద తవ్విన రోజు చిట్టిముల్లు ఒక ముక్క పట్టుకుని చుట్టయ్య దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"తాతా, తింటావా?"

"వద్దు," అన్నాడు చుట్టయ్య.

"ఎందుకు తాతా?"

చుట్టయ్య ఆలోచించాడు. పైకి చూసి ఆలోచించాడు, కిందకి చూసి ఆలోచించాడు. సూదులమ్మ ముళ్ళు కూడా కదపకుండా చూస్తోంది.

"ఎందుకో నాకే తెలియదు," అన్నాడు చివరికి. "పళ్ళు లేవు, కాస్త నలిపి పెట్టు."

చిట్టిముల్లు నలిపి నాలుక మీద పెట్టింది. చుట్టయ్య కళ్ళు మూసుకుని చప్పరించాడు. చీమల కంటే బాగుందని ఒప్పుకోలేదు కానీ, నాలుక మళ్ళీ చాపాడు.

నీతి: కొత్తదాన్ని వదిలేవాళ్ళు వెనక్కి వచ్చే దారి ముందే చూసుకోవాలి, వద్దనేవాళ్ళు ఎందుకు వద్దో ముందే ఆలోచించుకోవాలి.